సూదంటు సూరీడు చివరి పేజీ

రైలు ఆగిన రెండు నిమిషాల్లో పుస్తకం అమ్మాలంటే నోటికన్నా కాళ్లకి ఎక్కువ పని. పలాస రైల్వే స్టేషన్ పుస్తకాల స్టాల్లో ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను చేసింది అదే. కిటికీలోంచి చెయ్యి బయటికి వచ్చిందంటే, ఆ చేతికి వారపత్రిక కావాలో, పంచాంగం కావాలో, పిల్లాడి ఏడుపు మాన్పించే బొమ్మల పుస్తకం కావాలో ముఖం చూసి పోల్చుకోవాలి. ఇప్పుడు అలాంటి స్టాళ్లలో నీళ్ల సీసాలు, ఫోన్ చార్జర్లు అమ్ముతున్నారు. తప్పు పట్టను, జనానికి కావలసింది అవే. అయితే ఫోన్లోనే కథలన్నీ చూసుకునే మీ వయసువాళ్లకి ఒక రోజు సంగతి చెప్పాలని ఎప్పటినుంచో ఉంది. ఒక బొమ్మల కథ ఎలా ముగిసిందో తెలుసుకోవడానికి స్టాలు వదిలేసి, కదులుతున్న రైలు ఎక్కేసిన రోజు అది.

ముందు ఆ బొమ్మ గురించి చెప్పాలి. తొంభైల మొదట్లో ఒక కంపెనీ 'సూదంటు సూరీడు' అని ప్లాస్టిక్ బొమ్మ తెచ్చింది. అరచేతిలో ఇమిడిపోయే వీరుడు. ఎర్ర టోపీ, పసుపు చొక్కా, రెండు చేతుల్లో రెండు చిన్న సూదంటురాళ్లు. ఇనుము దగ్గరికి తీసుకెళ్తే చాలు, టక్కున అతుక్కునేవాడు. సైకిలు హ్యాండిలుకి, బీరువా తలుపుకి, బోరింగు గొట్టానికి, ఎక్కడ పెడితే అక్కడ వేలాడేవాడు. బొమ్మలు అమ్ముడుపోవడానికి కంపెనీవాళ్లు అదే పేరుతో నెలకో కథల పుస్తకం కూడా వేశారు. చివరికి బొమ్మ కన్నా పుస్తకమే ఎక్కువ పేరు తెచ్చుకుంది.

కథలో సూరీడికి శత్రువు తుప్పురాయుడు. వాడు ముట్టుకుంటే ఎంత ఇనుమైనా పొడిపొడిగా రాలిపోతుంది. మా ఉద్దానం పిల్లలకి వాడు కొత్తవాడు కాదు. సముద్రపు గాలికి కిటికీ ఊచలు ఏమైపోతాయో, సైకిలు చైను ఎన్నాళ్లుంటుందో ఇంట్లో రోజూ చూస్తున్నదే. సూరీడికి తోడుగా రాగమ్మ అనే పిల్ల ఉండేది. ఒళ్లంతా రాగి. రాగికి సూదంటురాయి అతుక్కోదు కదా, అందుకని ఎంత ఆపదలోనూ సూరీడి చెయ్యి రాగమ్మను పట్టుకోలేదు. ప్రతి నెలా ఎక్కడో ఒకచోట ఆ చిక్కు వచ్చిపడేది. పిల్లలు పుస్తకం కొన్నచోటే నిలబడి, ఆ పేజీ వెతుక్కుని చదివేవారు.

నెల మొదట్లో పాసింజరు బండిలో పుస్తకాల కట్ట దిగేది. నేను తాడు కొయ్యకముందే స్టాలు చుట్టూ మూగేవారు. కాశీబుగ్గ నుంచి, పూండి నుంచి, సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చేవారు. పక్కన టీ స్టాలు నడిపేవాడు మా మేనత్త కొడుకు, నాకు బావ. "రైలుకి ఎదురు సూసినోళ్లని సూసేను గానీ, కాయితాల కట్టకి ఎదురు సూసినోళ్లని ఇక్కడే సూత్తన్నాను" అనేవాడు.

ఒక నెల సంచికలో తుప్పురాయుడు సూరీణ్ణి నడిసముద్రంలోకి లాగేశాడు. పడవ మీద రాగమ్మ ఒక్కతే మిగిలింది. సూరీడు నీళ్లలో మునిగిపోతూ ఒంటిచేత్తో లంగరు గొలుసు పట్టుకున్నాడు. ఆ గొలుసు మీదికి తుప్పు పాకుతోంది. అక్కడితో ఆ సంచిక అయిపోయింది.

తరవాతి నెల కట్ట రాలేదు. ఆ పై నెలా రాలేదు. బొమ్మ తయారు చెయ్యడం మానేశాం కాబట్టి పుస్తకమూ లేదని కంపెనీ తరపు సేల్స్‌మన్ వచ్చి చెప్పాడు. అంతే. పిల్లలకి ఒక మాట చెప్పినవాళ్లు లేరు. కొన్నాళ్లు వచ్చి అడిగారు, తరవాత పెద్దవాళ్లయిపోయారు. అమ్ముడుపోని కాపీలు తిరిగి పంపేసే పద్ధతి కాబట్టి నా దగ్గర ఒక్క పుస్తకమూ మిగల్లేదు.

ఆ తరవాత కొన్నేళ్లకి, సెల్‌ఫోన్లు ఒకటీ అరా చేతుల్లో కనిపిస్తున్న రోజుల్లో, స్టేషన్ బయట ఒక కొత్త ఆటో వచ్చి నిలబడింది. వెనకాల రేకు మీద సూరీడి బొమ్మ. పెయింటరు ఎర్ర టోపీతో సహా అచ్చు దించేశాడు. జీడిపప్పు ఫ్యాక్టరీలకి ఆడవాళ్లని దింపి వచ్చాక ఆ ఆటో కుర్రాడు మా బావ దగ్గర టీ తాగుతుంటే, రైలు దిగిన ఒకావిడ సూట్‌కేసు పట్టుకుని ఆటో వెనకాలే నిలబడిపోయింది.

"ఈయనెవరో తెలిసే వేయించుకున్నారా?" అని అడిగింది.

"తెలకపోతే బండి మీద ఎక్కించుకుంతానేటండి? సూరీడు కాడేటి" అన్నాడు ఆటో కుర్రాడు.

"మరి రాగమ్మ ఏది?"

అతను టీ గ్లాసు కింద పెట్టేసి లేచి నిలబడ్డాడు. ఆవిడ టెక్కలి దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు టీచరు. పుట్టిల్లు పలాస. ఆదివారాలు అమ్మని చూడ్డానికి వచ్చేది. నన్ను చూసి, "మీరేనా? ఇంకా ఇక్కడే ఉన్నారా?" అంది. నా స్టాలు ముందు రెండు జడలతో నిలబడిన పిల్ల నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆ వేసవిలో మూడో మనిషి చేరాడు. వజ్రపుకొత్తూరు అవతల ఒడ్డు ఊరు, చేపలవేట. ఏడాదిలో ఎక్కువ కాలం గుజరాత్ వెళ్లి అక్కడి బోట్ల మీద పని చేసేవాడు. రైలు దిగి ఊరికి ఆటో మాట్లాడుకోబోతూ ఆ బొమ్మ చూసి, బేరం సంగతి మర్చిపోయి అక్కడే ఆగిపోయాడు.

అక్కడి నుంచి ఆదివారాలు నా స్టాలు ముందు ఒకటే గోల. ముగ్గురూ వచ్చేవారు, ఒక్క పుస్తకం కొనేవారు కాదు. మిగతా గిరాకీ నిలబడే చోటు కూడా వాళ్లే ఆక్రమించేవారు. మొదట్లో నాకు చిరాగ్గానే ఉండేది. తరవాత తరవాత ఆదివారం ఎప్పుడొస్తుందా అని నేనే చూసేవాణ్ణి. వాళ్లకి సూరీడి పుస్తకాలు పేజీలతో సహా నోటికొచ్చు. తుప్పురాయుడు రైలుపట్టాలు తినేసిన సంచిక, సూరీడు నూతిలో పడ్డ ఇనుప బకెట్లన్నీ ఒకేసారి పైకి లాగిన సంచిక. చెబుతూ చెబుతూ ఎప్పుడూ ఒక్కచోటికే వచ్చి ఆగిపోయేవారు. లంగరు గొలుసు దగ్గరికి.

"ఆడు సావలేదు" అనేవాడు చేపలవేట కుర్రాడు. "ఇనుముని పట్టుకున్నాక ఆడి సెయ్యి ఎప్పుడైనా ఒదిలిందేటి?"

"ఉప్పునీల్లురా అయి. తుప్పురాయుడికి బలమే అది. గొలుసే పొడైపోతే ఇంక దేన్ని పట్టుకుంతాడు?" ఆటో కుర్రాడి వాదన అది.

"రాగమ్మ పడవ మీదే ఉంది. మీరిద్దరూ ఆమెని వదిలేసి మాట్లాడతారేంటి ఎప్పుడూ?" అని టీచరమ్మ మధ్యలో అందుకునేది.

ఇలా ఉండగా, పాత కంపెనీ సేల్స్‌మన్ ఒక రోజు నా స్టాలుకి వచ్చాడు. ఇప్పుడు వేరే కంపెనీలో చేస్తున్నాడు. మాటల్లో నేను ఈ ముగ్గురి గొడవా చెప్పాను. అతను నవ్వి, "ఆ కథ రాసి బొమ్మలేసిన ఆర్టిస్టుతో నాకింకా మాటలున్నాయి. వచ్చే ఆదివారం భువనేశ్వర్‌లో పెళ్లి చూసుకుని విజయవాడ వెళ్తున్నారు. మీ స్టేషన్ మీంచే" అన్నాడు. రైలు పేరు, బోగీ నంబరు చెప్పాడు. ఎస్-టూ. తెల్లజుట్టు, మెడ మీదికి ఉంటుంది, గుడ్డసంచి వదలరు. అవీ ఆనవాళ్లు.

నేను ఆటో కుర్రాడికి చెప్పాను. అతను టెక్కలికి ఫోన్ చేశాడు, ఒడ్డు ఊరికి మనిషిని పంపాడు. ఆదివారం పొద్దున్న నేను స్టాలు తెరిచేసరికే ముగ్గురూ ప్లాట్‌ఫామ్ మీద ఉన్నారు. ఆటో కుర్రాడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేపలవేట కుర్రాడు పొట్లం కట్టిన ఎండురొయ్యలు తెచ్చాడు, ఆర్టిస్టుగారికట. టీచరమ్మ చేతిసంచిలోంచి ఒక బొమ్మ తీసింది. అసలు సూరీడే. టోపీ రంగు వెలిసిపోయింది గానీ చేతులు రెండూ ఉన్నాయి. నా స్టాలు ఇనుప షట్టరుకి పెడితే టక్కున పట్టేశాడు. ముగ్గురూ పసిపిల్లల్లా ముఖాలు దగ్గర పెట్టి చూశారు.

"రెండు నిమిషాలే ఆగుతాది బండి" అని నేను జాగ్రత్తలు చెప్పాను. "ఒకే ఒక్క పెస్న అడగాల. సూరీడు ఏటయ్యాడు, అంతే. ఊరూ పేరూ అడుగుతా కూకోకండి."

ఎస్-టూ ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. ఆ చోట వాళ్లని నిలబెట్టాను. బండి అరగంట ఆలస్యమన్నారు. టీచరమ్మ ఎండలోనే నిలబడింది, నీడలోకి రమ్మంటే రాలేదు. ఇంతలో మైకులో మా స్టేషన్ అనౌన్సరమ్మ గొంతు వినిపించింది. బండి ఈ ప్లాట్‌ఫామ్ మీదికి రావడం లేదు, అవతల దానిమీదికి వస్తోంది.

ముగ్గురూ నా వైపు చూశారు. నేను బావ వైపు చూసి, "బావా, స్టాలు సూడు" అని చెప్పి వంతెన మెట్ల వైపు పరుగెత్తాను. వెనకాల ముగ్గురూ. మేం అవతలి మెట్లు దిగేసరికి ఇంజను మమ్మల్ని దాటిపోతోంది. ఎస్-టూ ఆగాల్సిన చోటికి పరుగెత్తి చూస్తే అది జనరల్ బోగీ. ఆ రోజు బోగీల వరస తారుమారు అయిపోయింది. ఎస్-టూ ఆ చివర ఉంది.

నేను బండి వెనక నుంచి ముందుకి ఎన్నోసార్లు పరుగెత్తినవాణ్ణి, ఆ రోజు మాత్రం ప్లాట్‌ఫామ్ తరగనే లేదు. పల్లీలమ్మేవాళ్లని, కూలీలని, మూటలని తప్పించుకుంటూ అందరం పరుగే. ఎస్-టూ అందింది. కిటికీలన్నీ జనం. టీచరమ్మ ఒక్కో కిటికీ దగ్గర ఆగి, బొమ్మని లోపలివాళ్లకి కనబడేలా ఊచకి తాకించి, తీసి, పక్క కిటికీకి వెళ్తోంది. మాటలకి సమయం లేదు కదా, బొమ్మని గుర్తుపట్టినవాడే మా మనిషి అని ఆమె లెక్క.

నాలుగో కిటికీ దగ్గర సూరీడు రెండు చేతులతోనూ ఊచని పట్టేశాడు. ఆమె లాగేలోపు బండి కుదుపుతో కదిలింది. చెయ్యి జారింది. సూరీడు కిటికీకి వేలాడుతూ రైలుతో పాటు వెళ్లిపోతున్నాడు.

"నా బొమ్మ" అంది టీచరమ్మ.

ఆ మాట పూర్తికాకుండానే చేపలవేట కుర్రాడు తలుపులోకి ఎగిరి, ఆమె చెయ్యి అందుకుని లోపలికి లాగేశాడు. ఆటో కుర్రాడు, నేను వెనక తలుపు పట్టుకుని ఎక్కేశాం. అన్నేళ్లు రైళ్ల పక్కన బతికినా, టికెట్ లేకుండా బండి ఎక్కడం నాకు అదే మొదలు. మీరు అలా ఎక్కకండి.

లోపల, ఆ కిటికీ దగ్గర, తెల్లజుట్టు మనిషి ఒకాయన నిద్రలోంచి లేచి కూర్చుని ఊచలకి వేలాడుతున్న బొమ్మనే చూస్తున్నారు. ఒళ్లో గుడ్డసంచి. మా నలుగురినీ చూసి, "ఇతను నా కిటికీకి ఎలా వచ్చాడండీ?" అన్నారు.

మాకు ఎవరికీ ఊపిరి ఆడటం లేదు. ఆటో కుర్రాడే ముందుగా నోరు తెరిచాడు. "సూరీడు బతికాడా లేదా సెప్పండి బాబూ, మిగతాయి తరవాత."

ఎదుటి సీట్లవాళ్లు జరిగి మాకు చోటిచ్చారు. ఆయనకి సంగతి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తరవాత అన్నారు, "నాకు తెలీదండి."

టీచరమ్మ ఊచకి వేలాడుతున్న సూరీణ్ణి లాగి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ప్రతి నెలా వాణ్ణి ఏదో ఆపదలో పడేసి పుస్తకం పంపేసేవాణ్ణి. ఎలా బయటపడతాడో వచ్చే నెల చూసుకుందాం అనుకునేవాణ్ణి. ఆ నెల అలా కాగితం ముందు కూర్చున్నాను. ఆపెయ్యమని ఫోనొచ్చింది. ఇంక ఆలోచించలేదు."

పూండి స్టేషన్ వెనక్కి వెళ్లిపోయింది. ఇంత పరుగూ ఇందుకేనా అనిపించింది నాకు. ఆటో కుర్రాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు చేపలవేట కుర్రాడు, ఎండురొయ్యల పొట్లం ఇంకా చేతిలోనే పట్టుకుని, మెల్లగా మొదలుపెట్టాడు.

"మీకు తెలకపోతే నాను సెప్తాను బాబూ. ఆడు సెయ్యి ఒదల్లేదు. మొన్నేడు మా బోటు తిరగబడిపోనాది. రేత్రీ పగలూ తెలకుండా తాడు పట్టుకుని నీల్లలోనే ఉన్నాను. సేతి ఏళ్లు కొయ్యబారిపోనాయి. ఒదిలేద్దామా అనిపించింది. అప్పుడు నాకు దేవుడు గేపకం రాలేదు, ఈ బొమ్మే గేపకం వచ్చినాడు. సూరీడు ఒదల్లేదు కదా, నానెందుకు ఒదలాల అనుకున్నాను. ఇంకో బోటోళ్లు వచ్చి లాగేదాకా ఒదల్లేదు. మరి ఆడు ఒదిలేసినాడంటే నాను ఒప్పుకోను."

బోగీలో ఆ వైపు ఉన్న వాళ్లందరూ వింటున్నారు. ఇన్ని ఆదివారాలు నా స్టాలు ముందు వాదించాడు, ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఆర్టిస్టుగారు సంచిలోంచి దళసరి కాగితాల పుస్తకం తీశారు. పెన్ను మూత తీసి, "సరే. చెయ్యి వదల్లేదు. అక్కడి నుంచి చెప్పండి" అన్నారు.

ఇంక చూడండి ఆ గోల. ముగ్గురూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. నౌపడా దగ్గర ఉప్పుమళ్లు రెండు వైపులా తెల్లగా మెరుస్తుంటే, ఆటో కుర్రాడు వాటిని చూపించి, ఇంత ఉప్పులో గొలుసు ఎలా నిలబడుతుందో ముందు తేల్చాలన్నాడు. తేల్చిందీ అతనే. "పడవకి రంగు ఎయ్యడానికి ఎర్ర రంగు డబ్బా ఉంటాది కదేటి. రెడ్ ఆక్సైడు. నా ఆటోకీ అదే కొట్టించేను. గొలుసు మీంచి పోసీమనండి రాగమ్మని. తుప్పురాయుడు అక్కడికే ఆగిపోతాడు."

"ఆగుతాడు. మరి పైకి ఎలా వస్తాడు?" అన్నారు ఆయన, గొలుసు మీద కారుతున్న రంగు గీస్తూ.

టీచరమ్మ అంతసేపూ దాచుకున్న మాట అప్పుడు చెప్పింది. "నేను టెన్త్‌లో ఉన్నప్పుడు మా మాస్టారు ఇనుప మేకుకి రాగి తీగ చుట్టి, బ్యాటరీ కలిపి చూపించారండి. మేకు సూదంటురాయి అయిపోయింది. నేను క్లాసులోనే లేచి నిలబడిపోయాను. రాగమ్మకి ఇది తెలిస్తే చాలు కదా అని. అప్పటికే పుస్తకం ఆగిపోయింది. ఎవరికి చెప్పను? రాగమ్మ తన ఒళ్లంతా తీగలా సాగదీసి లంగరుకి చుట్టుకోవాలి. పడవ బ్యాటరీ కలపాలి. లంగరే పెద్ద సూదంటురాయి అయిపోయి, సూరీణ్ణి తనతో పాటు పైకి లాక్కొస్తుంది. ఇన్నాళ్లూ సూరీడు ఆమెని పట్టుకోలేకపోయాడు. ఆ ఒక్కసారి ఆమే అతన్ని పట్టుకుంటుంది."

ఆయన పెన్ను ఆపేసి ఆమె వైపు చూశారు. తరవాత పకపకా నవ్వడం మొదలుపెట్టారు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. "ఎన్ని నెలలు వాళ్లిద్దర్నీ కలపలేక అవస్థ పడ్డానో. మీరు క్లాసులో కూర్చుని కలిపేశారు" అంటూ కొత్త పేజీ తిప్పారు.

అప్పుడే టికెట్ కలెక్టర్ వచ్చాడు. మా నలుగురికీ జరిమానా రాశాడు. రాసి, వెళ్లకుండా అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి ఎదురు బెర్తు అంచు మీద కూర్చుని, "ఆ పిల్ల మళ్లీ మామూలు మనిషి అవుతాదా, తీగలాగే ఉండిపోతాదా?" అని అడిగాడు. అవుతుందని టీచరమ్మ గట్టిగా చెప్పింది.

రైలు ఊగుతుంటే ఆయన గీతలన్నీ వంకర్లు పోయాయి. "పర్వాలేదు, సముద్రం కదా" అనుకుంటూ గీసుకుపోయారు. లంగరుకి చుట్టుకున్న రాగమ్మ, దాన్ని రెండు చేతులా పట్టుకుని నీళ్లలోంచి పైకి లేస్తున్న సూరీడు, ఎర్ర రంగులో కాళ్లు ఇరుక్కుని తిట్టుకుంటున్న తుప్పురాయుడు. మా చుట్టూ బెర్తుల మీంచి తలకాయలు వేలాడుతున్నాయి. ఒక్కో గీత పడుతుంటే అందరూ "అదీ" అంటున్నారు.

శ్రీకాకుళం రోడ్డు దగ్గరికి వచ్చేసింది. మేం దిగిపోవాలి. ఆయన పేజీ కింద కొంచెం చోటు వదిలి, పెన్ను మా వైపు చాపారు. "ముగించింది మీరు. సమాప్తం మీరే రాయండి."

టీచరమ్మ 'స' రాసింది. ఆటో కుర్రాడు చెయ్యి చొక్కాకి తుడుచుకుని 'మా' రాశాడు. చేపలవేట కుర్రాడు పెన్ను అందుకుని ఆగిపోయాడు. "బడి మానీసి శానా కాలమైపోనాది టీచరమ్మా. 'ప'కి 'త' ఒత్తు ఎలాగెయ్యాల?" ఆమె అతని అరచేతిలో వేలితో రాసి చూపించింది. అతను నాలుక బయటపెట్టి, బండి స్టేషన్‌లోకి దూరుతుండగా 'ప్త' పూర్తి చేశాడు. అందరం లేచి నిలబడ్డాం. చూస్తే సున్నా లేదు. ఆయన గబుక్కున పెన్ను నా చేతిలో పెట్టారు. నిలబడే, ఊగుతూ, నేను సున్నా చుట్టాను. ఆయన ఆ పేజీ చింపి మా చేతికిచ్చారు.

ప్లాట్‌ఫామ్ మీద నిలబడి ఆయన బండి కనుమరుగయ్యేదాకా చేతులు ఊపాం. ఆయన ఎండురొయ్యల పొట్లం కిటికీలోంచి ఊపి చూపించారు. స్టేషన్ బయట జిరాక్సు తీయించుకుని పాసింజరులో తిరిగి వచ్చాం. అసలు పేజీ టీచరమ్మ తీసుకుంది. రాగి తీగ పాఠం వచ్చినప్పుడల్లా క్లాసులో చూపిస్తుందట. చేపలవేట కుర్రాడు తన కాపీకి ప్లాస్టిక్ తొడుగు వేయించి గుజరాత్ పట్టుకెళ్లి బోటులో అంటించుకున్నాడు. ఆటో వెనకాల రాగమ్మ కూడా చేరింది. నా కాపీ స్టాలు షట్టరుకి అతికించాను. సంగతి తెలిసి జనం రావడం మొదలైంది. మీసాలొచ్చినవాళ్లు, పోలీసు ఉద్యోగం చేస్తున్నవాడు, చంకలో పిల్లతో ఒకావిడ. పేజీ ముందు నిలబడి చదువుకుని, ఒక్కోసారి రెండోసారి చదువుకుని, ఏమీ కొనకుండా నవ్వుకుంటూ వెళ్లిపోయేవారు.

బతుకంతా పుస్తకాలు అమ్మితే చివరికి నువ్వు రాసుకున్నది ఒక సున్నా అని మా బావ వెక్కిరించేవాడు. నిజమే. ఊగే బండిలో చుట్టడం వల్ల అది కోడిగుడ్డులా వచ్చింది. ఎవరు చూడ్డానికి వచ్చినా, సూరీణ్ణీ రాగమ్మనూ చూశాక, దాని మీద వేలు పెట్టి ఇది నాది అని చెప్పకుండా నేను ఒక్కరినీ పంపలేదు.